క్లబ్బు ఎవరిది?



సయ్యద్ అబ్దుల్ రహీం గారి స్మృతిలో మాట్లాడే అవకాశం నాకు దక్కింది. దాన్ని నేను గౌరవంగా భావిస్తున్నాను. హైదరాబాదు ఫుట్‌బాల్ మాట ఎత్తితే ఇప్పటికీ ముందుగా వచ్చే పేరు రహీం సాబ్‌దే. 1909లో ఈ ఊళ్లోనే పుట్టారు. బడిలో పాఠాలు చెప్పారు. సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడై 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిపించారు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో భారత జట్టు ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది ఆయన శిక్షణలోనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది కూడా ఆయన హయాంలోనే. జకార్తా పతకం వచ్చిన మరుసటి ఏడాది, 1963 జూన్ 11న, క్యాన్సర్ ఆయన్ని తీసుకుపోయింది.

ఎడమకాలు సరిగా ఆడని కుర్రాళ్ల కోసం ఆ కాలితోనే ఆడాలని నియమం పెట్టి పోటీలు నడిపేవారు. అమ్ముగూడ నుంచి రోజూ ప్రాక్టీసుకు రావడానికి చేతిలో డబ్బుల్లేవన్న తులసీదాస్ బలరాంకు సైకిలు అద్దె తానే ఇచ్చి రప్పించుకున్నారు. ఆ బలరాం జకార్తాలో బంగారు పతకం గెలిచిన జట్టులో ఆడాడు.

అంత శ్రద్ధగా తయారైన ఆ పోలీసు జట్టు ఎవరిది? కాగితం మీద పోలీసు శాఖది. దాన్ని ప్రాణంగా చూసుకున్న వేలాది హైదరాబాదీలకు అందులో ఓటు లేదు, మాట లేదు. దాని వెలుగు తగ్గిపోతుంటే వాళ్లు చూస్తూ ఉండిపోవాల్సి వచ్చింది. ఈ ప్రశ్ననే ఇంగ్లండులో ఒక క్లబ్బు చివరిదాకా ఎదుర్కొంది. దాని పేరు వింబుల్డన్. ఆ చరిత్ర ఆధారంగా ఒక్క వాదన మీ ముందు పెడతాను. క్లబ్బును బతికించేది జనం మమకారమే. అయితే ఆ మమకారం దస్తావేజులోకీ ఓటులోకీ ఎక్కనంత కాలం క్లబ్బుకు రక్షణ లేదు.

1

వింబుల్డన్ అనగానే మీకు టెన్నిస్ గుర్తొస్తుంది. లండన్‌కు నైరుతి దిక్కున ఉన్న పేట అది. అక్కడి ఓల్డ్ సెంట్రల్ స్కూలులో చదువుకున్న కుర్రాళ్లు 1889లో ఫుట్‌బాల్ జట్టు కట్టి, వింబుల్డన్ ఓల్డ్ సెంట్రల్స్ అని పేరు పెట్టుకున్నారు. వింబుల్డన్ కామన్ అనే విశాలమైన పచ్చికబయలు మీద ఆడేవారు. దగ్గర్లోని పబ్బులో బట్టలు మార్చుకునేవారు. ఈ కామన్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. 1912లో ప్లౌ లేన్ అనే వీధిలో వాళ్లకు స్థిరమైన గ్రౌండు దొరికింది.

ఆ తర్వాత అర్ధశతాబ్దం పాటు అది డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్ల క్లబ్బు. రహీం సాబ్ పోయిన 1963లోనే వెంబ్లీలో అమెచ్యూర్ కప్పు ఫైనల్ ఆడి, సటన్ యునైటెడ్ జట్టును 4-2తో ఓడించింది. ఎడ్డీ రేనాల్డ్స్ ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు, నాలుగూ తలతోనే. మరుసటి ఏడాది క్లబ్బు ప్రొఫెషనల్ బాట పట్టింది. 1975లో ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్ఏ) నడిపే ఎఫ్ఏ కప్పులో, వేరే ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు ఆడే ఈ జట్టు మొదటి డివిజన్ జట్టయిన బర్న్‌లీని దాని సొంత గ్రౌండులోనే ఓడించింది. తర్వాత దేశ చాంపియన్ లీడ్స్ గ్రౌండులో గోల్స్ లేకుండా డ్రా చేసుకుంది. పీటర్ లోరిమర్ షాటు ఎంత బలమైనదో ఆనాటి వాళ్లందరికీ తెలుసు. అతను కొట్టిన పెనాల్టీని గోల్‌కీపర్ డికీ గై ఆపాడు. మళ్లీ ఆడిన మ్యాచ్‌లో ఒక్క గోలు తేడాతో ఓడిపోయారు కానీ అప్పటికే దేశమంతా ఆ పేరు మోగిపోయింది.

1977లో వింబుల్డన్‌కు ఫుట్‌బాల్ లీగులో చోటు దొరికింది. ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. ఆ రోజుల్లో కిందినుంచి గెలుచుకుంటూ వచ్చినవాళ్లకు దానంతటదే చోటు దొరికేది కాదు, సభ్య క్లబ్బులు ఓటు వేసేవి. వింబుల్డన్‌ను లోపలికి తీసుకోవడానికి ఉత్తరాన ఉన్న వర్కింగ్టన్ అనే చిన్న ఊరి క్లబ్బును బయటికి పంపారు. ఆ ఊరివాళ్ల బాధ పెద్దగా ఎవరికీ పట్టలేదు. పైవాళ్ల చేతులెత్తే ఓటు ఒక ఊరి ఆటను ఎలా మింగేస్తుందో చెప్పే ఉదాహరణ వింబుల్డన్ సొంత కథలోనే ఉంది.

2

లీగులోకి వచ్చిన తొమ్మిదేళ్లలో వింబుల్డన్ నాలుగో డివిజన్ నుంచి మొదటి డివిజన్‌కు చేరింది. 1983లో నాలుగో డివిజన్ చాంపియన్, 1984లో మూడో డివిజన్ దాటింది, 1986లో పైకొచ్చింది. డేవ్ బాసెట్ నడిపిన ఆ జట్టు బంతిని వెనకనుంచి పొడుగ్గా కొట్టి, దాని వెంట ఒళ్లు దాచుకోకుండా పరుగెత్తేది. పొట్టి పాసులు, తెలివైన కదలికలు ఇష్టపడేవాళ్లకు ఆ ఆట నచ్చదు. నాకూ అంతగా నచ్చదు. అయినా ఆ జట్టు ఎవరెవరితో తయారైందో చూడండి. మిడ్‌ఫీల్డర్ విన్నీ జోన్స్ అంతకుముందు ఇళ్ల కట్టుబడి దగ్గర ఇటుకలు మోసిన కూలీ. గోల్‌కీపర్ డేవ్ బీసంట్ లీగు బయటి చిన్న క్లబ్బు నుంచి వచ్చినవాడు. పెద్ద క్లబ్బులకు అక్కర్లేని వాళ్లందరినీ చేరదీసి దేశంలో ఆరో స్థానానికి చేర్చడం సామాన్యమైన సంగతి కాదు.

1988 మే 14. వెంబ్లీలో ఎఫ్ఏ కప్పు ఫైనల్. ఎదురుగా ఆ ఏటి లీగు చాంపియన్ లివర్‌పూల్. స్టేడియంలో 98 వేలమంది. అప్పటికి శిక్షకుడు మారాడు, బాబీ గూల్డ్ వచ్చాడు. మొదటి సగంలో ఎడమవైపు నుంచి డెనిస్ వైజ్ ఫ్రీకిక్ తీశాడు. లారీ సాంచెజ్ తల తాకించాడు. బంతి గోల్‌కీపర్ మీదుగా వెళ్లి దూరపు మూలలో పడింది.

రెండో సగంలో లివర్‌పూల్‌కు పెనాల్టీ దొరికింది. కొట్టడానికి వచ్చినవాడు జాన్ ఆల్డ్రిడ్జ్. పరుగెత్తుకొస్తూ ఒక్క క్షణం తటపటాయించినట్టు ఆగి, గోల్‌కీపర్ ఎటు కదులుతాడో చూసి కొట్టడం అతని అలవాటు. బీసంట్ ఆ అలవాటును ముందే గమనించి పెట్టుకున్నాడు. ఆల్డ్రిడ్జ్ ఆగిన ఆ క్షణంలో బీసంట్ కదల్లేదు. తర్వాత తన ఎడమవైపుకు పూర్తిగా చాచి దూకి, బంతిని గోలుపోస్టు పక్కకు తోసేశాడు. వెంబ్లీ ఎఫ్ఏ కప్పు ఫైనల్లో పెనాల్టీని గోల్‌కీపర్ ఆపడం అదే మొదటిసారి. జట్టు కెప్టెన్ కూడా అతనే. వెంబ్లీలో ఒక గోల్‌కీపర్ కెప్టెన్‌గా ఆ కప్పు అందుకోవడం కూడా అదే తొలిసారి. ఈ సభలో ఉన్న గోల్‌కీపర్లకు నేను చెప్పేది ఒక్కటే, ఆ పెనాల్టీ దృశ్యం వెతికి చూడండి. అతని చేతులు కాదు, కాళ్లు చూడండి.

పదకొండేళ్ల కిందట లీగులో అడుగుపెట్టిన క్లబ్బు దేశంలోని అతి పాత కప్పును ఇంటికి తెచ్చుకుంది. తెచ్చుకున్న ఇల్లు మాత్రం ఆ తర్వాత మూడేళ్లే నిలిచింది.

3

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాట 97 మంది లివర్‌పూల్ అభిమానుల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత లార్డ్ టేలర్ ఇచ్చిన నివేదిక పెద్ద స్టేడియాల్లో నిలబడి చూసే గ్యాలరీలు తీసేసి అందరికీ కుర్చీలు వేయాలని చెప్పింది. ఆ సిఫారసు సరైనదే, అందులో నాకు సందేహం లేదు. ప్లౌ లేన్ పాతకాలపు ఇరుకు గ్రౌండు. దాన్ని అలా మార్చడం కష్టమని క్లబ్బు యాజమాన్యం తేల్చేసింది. 1991లో క్లబ్బు సెల్హర్‌స్ట్ పార్కుకు, అంటే క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బు గ్రౌండుకు అద్దెకు వెళ్లింది. తాత్కాలికం అన్నారు. ఆ అద్దె కాపురం పన్నెండేళ్లు సాగింది.

నా ఉద్దేశంలో వింబుల్డన్ చేజారింది ఇక్కడే. తర్వాత క్లబ్బు తరలిపోయిన మిల్టన్ కీన్స్ అనే పట్నం పేరు వినపడటానికి పదేళ్ల ముందే. ఎందుకంటే ఆ అద్దె కాలంలో గ్రౌండు ఒక దారి, క్లబ్బు ఒక దారి పట్టాయి. యజమాని శామ్ హమ్మామ్ 1997లో క్లబ్బును ఇద్దరు నార్వే వ్యాపారులకు అమ్మాడు. 1998లో ప్లౌ లేన్ నేల సేఫ్‌వే అనే సూపర్‌మార్కెట్ సంస్థకు అమ్ముడుపోయింది. క్లబ్బు కొన్నవాళ్లకు చేతికొచ్చింది ఆటగాళ్ల ఒప్పందాలు, ఒక పేరు, ప్రీమియర్ లీగులో ఒక స్థానం. కాళ్లకింద నేల లేదు. నేల లేని క్లబ్బును ఎక్కడైనా దించొచ్చని లెక్కలు వేసేవాళ్లకు ఆలోచన రావడం సహజం. డబ్లిన్‌కు తీసుకుపోదామన్న మాట కూడా నడిచింది.

తర్వాత ఆ పాత గ్రౌండులో అపార్టుమెంట్లు లేచాయి. వాటికి రేనాల్డ్స్ గేట్ అని పేరు పెట్టారు. 1963లో తలతో నాలుగు గోల్స్ కొట్టిన ఎడ్డీ రేనాల్డ్స్ పేరే అది.

2000 మే 14న, కప్పు గెలిచిన రోజుకు సరిగ్గా పన్నెండేళ్లకు, వింబుల్డన్ ప్రీమియర్ లీగు నుంచి కిందికి జారింది.

4

మిల్టన్ కీన్స్ లండన్‌కు వాయవ్యంగా, వింబుల్డన్‌కు దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో 1967లో ప్రభుత్వం సంకల్పించి కట్టిన కొత్త పట్నం. జనాభా లక్షలు దాటినా అప్పటికి అక్కడ లీగు క్లబ్బు లేదు. సంగీత వ్యాపారంలో ఉన్న పీట్ వింకెల్‌మన్ అనే ఆయన అక్కడ పెద్ద దుకాణాలతో కలిపి ఒక స్టేడియం కట్టాలనుకున్నాడు. స్టేడియానికి అనుమతి, పెట్టుబడి రావాలంటే అందులో ఆడే లీగు జట్టు ఒకటి ఉండాలి. కిందినుంచి జట్టు పెట్టి పైకి తేవడానికి ఏళ్లు పడుతుంది. 2001 ఆగస్టులో వింబుల్డన్ యాజమాన్యం తాము అక్కడికి వెళ్తామని ప్రకటించింది.

ఫుట్‌బాల్ లీగు ఒప్పుకోలేదు. క్లబ్బు మధ్యవర్తిత్వానికి వెళ్లింది. చివరికి నిర్ణయం ఎఫ్ఏ నియమించిన ముగ్గురు సభ్యుల కమిషన్ చేతికి వచ్చింది. 2002 మే 28న ఆ కమిషన్ ఇద్దరు అవునని, ఒకరు కాదని తేల్చి అనుమతి ఇచ్చేసింది. అభిమానులు వింబుల్డన్‌లో కొత్తగా మొదలుపెట్టుకోవచ్చు కదా అన్న ప్రతిపాదన ఫుట్‌బాల్ విశాల ప్రయోజనాలకు మంచిది కాదని కూడా ఆ తీర్పులో రాశారు.

ఈ తీర్పును సమర్థించేవాళ్లు ఆర్సెనల్ ఉదాహరణ చెబుతారు. 1913లో ఆర్సెనల్ థేమ్స్ నది అవతలి ప్లమ్‌స్టెడ్ నుంచి హైబరీకి మారలేదా అంటారు. మారింది. కానీ అదే మహానగరంలో. పాత అభిమాని ట్రాము ఎక్కి మ్యాచ్‌కు పోగలిగేవాడు. ఒక క్లబ్బు కొంచెం పక్కకు జరగడం వేరు. ఏళ్ల తరబడి మెట్టు మెట్టుగా గెలుచుకున్న లీగు స్థానాన్ని ఆ మెట్లు ఎక్కని ఊరికి సరుకులా పంపించడం వేరు. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో ఏ పల్లె జట్టయినా గెలుస్తూ పోతే ఎప్పటికైనా పైకి చేరొచ్చన్న ఒప్పందం ఉంది. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆ ఒప్పందాన్నే తోసిపుచ్చారని నా అభియోగం.

అభిమానుల జవాబు మాటల్లో రాలేదు. స్టేడియం ఖాళీ అయింది. 2002 అక్టోబరులో రోథరమ్‌తో జరిగిన మ్యాచ్‌కు సెల్హర్‌స్ట్ పార్కులో కూర్చున్నది 849 మంది. 2003 జూన్‌లో పాత క్లబ్బు దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. సెప్టెంబరులో మిల్టన్ కీన్స్ చేరింది. 2004లో పేరు మార్చుకొని మిల్టన్ కీన్స్ డాన్స్ అయింది.

5

తీర్పు వచ్చిన రెండు రోజులకు, 2002 మే 30న అభిమానులు సమావేశమయ్యారు. అప్పీళ్లు, ఊరేగింపులు ఇంకా ఎంతకాలం అన్న చర్చ నడిచింది. అభిమానుల్లో ముందుండి నడిచిన క్రిస్ స్టివార్ట్ లేచి, పోట్లాడి పోట్లాడి అలసిపోయానని, తనకు ఫుట్‌బాల్ చూడాలని ఉందని అన్నాడు. ఆ రాత్రే కొత్త క్లబ్బు పెట్టాలని నిశ్చయించారు. పేరు ఏఎఫ్‌సీ వింబుల్డన్.

ఆటగాళ్లు లేరు, గ్రౌండు లేదు, లీగు లేదు. జూన్ 29న వింబుల్డన్ కామన్ మీద, అవును, 1889లో కుర్రాళ్లు ఆడిన ఆ బయలు మీదనే, ట్రయల్స్ పెట్టారు. 230 మంది వచ్చారు. జూలై 10న తొలి మ్యాచ్. ఎదుట 1963లో వెంబ్లీలో ఓడించిన సటన్ యునైటెడ్డే. ఈసారి సటన్ 4-0తో గెలిచింది. ఆ ఓటమిని చూడటానికి 4,657 మంది వచ్చారు. గేటు దగ్గర క్యూ పెరిగిపోయి ఆట మొదలుపెట్టడమే ఆలస్యం చేయాల్సి వచ్చింది.

వాళ్లను చేర్చుకున్నది కంబైన్డ్ కౌంటీస్ లీగు. మామూలుగా అక్కడి మ్యాచ్‌లకు వచ్చేది పదుల్లో జనం. ఏఎఫ్‌సీ వింబుల్డన్ మొదటి సీజన్ సగటు మూడు వేలు దాటింది. 2003-04లో 46 లీగు మ్యాచ్‌లలో 42 గెలిచి, 4 డ్రా చేసుకుని, ఒక్కటీ ఓడలేదు. 2003 ఫిబ్రవరి నుంచి 2004 చివరి దాకా 78 లీగు మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడింది. ఇంగ్లండు సీనియర్ ఫుట్‌బాల్‌లో అది రికార్డు. తొమ్మిదేళ్లలో ఐదు మెట్లు ఎక్కి, 2011 మే 21న మాంచెస్టర్‌లో లూటన్ టౌన్‌ను పెనాల్టీల్లో ఓడించి ఫుట్‌బాల్ లీగులోకి వచ్చింది. చివరి పెనాల్టీ కొట్టింది కెప్టెన్ డానీ కెడ్‌వెల్. లీడ్స్‌లో పెనాల్టీ ఆపిన డికీ గై కొత్త క్లబ్బుకు అధ్యక్షుడు అయ్యాడు.

ఇదంతా వీరగాథలా వినిపిస్తుంది కానీ దాని వెనక పని చేసింది నిబంధనావళి. క్లబ్బు వాటాల్లో మెజారిటీ అభిమానుల ట్రస్టుది. సభ్యుడు ఎంత డబ్బు పెట్టినా ఒక మనిషికి ఒకే ఓటు. అధికారం అమ్మాలంటే ఆ సభ్యులే ఒప్పుకోవాలి. శామ్ హమ్మామ్ ఒక సంతకంతో చేసిన పని ఇక్కడ వేలమంది చేతులెత్తితే తప్ప జరగదు.

6

మిల్టన్ కీన్స్ పిల్లల మాటా చెప్పాలి. 2003 తర్వాత పుట్టిన అక్కడి పిల్లవాడికి ఆ జట్టు తన ఊరి జట్టే. 2014లో వాళ్లు లీగు కప్పులో మాంచెస్టర్ యునైటెడ్‌ను 4-0తో ఓడించినప్పుడు ఆ పిల్లల ఆనందం కల్తీ లేనిది. డెలీ అల్లీ అక్కడి నుంచే వచ్చాడు. వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. 2007లో వాళ్ల క్లబ్బు పాత వింబుల్డన్ ట్రోఫీలను, 1988 కప్పు నమూనాతో సహా, వింబుల్డన్ ఉన్న మెర్టన్ బరోకు తిరిగి ఇచ్చేసింది. 1988ను తన చరిత్రగా చెప్పుకోనని ఒప్పుకుంది. అభిమానుల సంఘాలు పట్టుబట్టి సాధించుకున్నదే అయినా, ఇచ్చినవాళ్ల పెద్దమనసును నేను గుర్తిస్తాను.

మన ఊరి సంగతికొస్తాను. 2019లో పుణె సిటీ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగులోకి వచ్చింది. అంటే మనకు జట్టు వచ్చిందీ వేరే ఊరు పోగొట్టుకున్న చోటులోనే. 2022 మార్చిలో గోవా ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1 అయితే, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి పెనాల్టీ షూటవుట్‌లో కప్పు మన చేతిలో పెట్టాడు. మూడేళ్లు గడిచాక, 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. ఇంగ్లండులో కనీసం ఒక కమిషన్ కూర్చుంది, సాక్ష్యాలు విన్నది, ముగ్గురిలో ఒకరు వద్దన్నారు. గచ్చిబౌలి గ్యాలరీలో కూర్చున్న పిల్లల్ని ఎవరూ ఏమీ అడగలేదు. మన లీగు ఫ్రాంచైజీ పద్ధతిలో కట్టింది కాబట్టి అడగాల్సిన అవసరం కూడా లేదు. ఈ సంగతి మీద ఈ ఊళ్లో ఎంత కోపం రావాలో అంత రాలేదని నా బాధ.

7

ఇక నేల సంగతి. ఏఎఫ్‌సీ వింబుల్డన్ ముందు కింగ్స్‌టన్‌లో కింగ్స్‌మెడో గ్రౌండును కొనుక్కుని, తర్వాత దాన్ని చెల్సీ క్లబ్బుకు అమ్మి, ఆ డబ్బుతో సొంత పేటకు తిరిగి వెళ్లే ప్రయత్నం మొదలుపెట్టింది. ప్లౌ లేన్ వీధిలోనే, పాత గ్రౌండుకు కూతవేటు దూరంలో, కుక్కల పందేల స్టేడియం ఉన్న స్థలం దొరికింది. ఖర్చు పెరిగిపోయింది. బయటి పెట్టుబడిదారులకు వాటా అమ్మితే తప్ప గట్టెక్కలేమని 2019 చివర్లో వాదనలు వచ్చాయి. సభ్యుల్లో చాలామంది అడ్డం తిరిగి, అభిమానుల నుంచే బాండ్ల రూపంలో 50 లక్షల పౌండ్లకు పైగా సేకరించారు. 2020 నవంబరు 3న కొత్త ప్లౌ లేన్‌లో మొదటి మ్యాచ్ డాంకాస్టర్‌తో 2-2గా ముగిసింది. కోవిడ్ వల్ల గ్యాలరీల్లో ఒక్క ప్రేక్షకుడూ లేడు.

2024 సెప్టెంబరులో వాండిల్ నది పొంగి ఆ కొత్త గ్రౌండులోకి నీళ్లు వచ్చాయి. పచ్చిక కింది మట్టి కోసుకుపోయి, గ్రౌండులో పెద్ద గుంట పడింది. న్యూకాసిల్‌తో ఆడాల్సిన కప్పు మ్యాచ్‌ను వాళ్ల ఊరికే మార్చాల్సి వచ్చింది. మరమ్మతు కోసం విరాళాలు వచ్చాయి, అవతలి జట్ల అభిమానులు కూడా ఇచ్చారు. అదే సీజన్ చివర, 2025 మేలో ఏఎఫ్‌సీ వింబుల్డన్ వెంబ్లీలో వాల్‌సాల్‌ను 1-0తో ఓడించి ఒక మెట్టు పైకి, లీగు వన్‌కు చేరింది.

అదే ఏడాది జూలైలో బ్రిటన్‌లో ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం వచ్చింది. స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. ఇకమీదట క్లబ్బు తన గ్రౌండు అమ్మాలన్నా, వేరే చోటికి మారాలన్నా ఆ సంస్థ అనుమతి కావాలి. చిహ్నం, సొంత గ్రౌండులో వేసుకునే చొక్కా రంగు మార్చాలంటే మాత్రం అభిమానుల్లో ఎక్కువమంది ఒప్పుకున్నట్టు చూపించాలి. ఇక్కడ నాకు ఒక అభ్యంతరం ఉంది. రంగుకు అభిమానుల సమ్మతి అడిగిన చట్టం ఊరు మారే విషయంలో నిర్ణయాన్ని మళ్లీ నిపుణుల చేతిలోనే పెట్టింది. అభిమానులను సంప్రదిస్తారు, వింటారు, రాసుకుంటారు. 2002లోనూ విన్నారు. ఆ తరలింపుకు కూడా ఓటు పెట్టేదాకా వింబుల్డన్ పోరాటం సగంలోనే ఉన్నట్టు. మన దగ్గర ఏ జట్టు కొత్తగా పెట్టినా, మొదటి కాగితం రాసేరోజునే ఆ ఓటు అందులో ఉండాలని ఈ సభలోని క్రీడా సంఘాల పెద్దలను కోరుతున్నాను.